నక్కవాగు దిగువన సొంత పొలం

(స్వతంత్ర పథం: తొమ్మిదో భాగం)

గత వారం 1959 ఆగస్టులో, బొంబాయిలో జరిగిన స్వతంత్ర పార్టీ తొలి మహాసభ దగ్గర ఆగాం. ఆలోచన రాజాజీది, నిర్వహణ మినూ మసానీది, అధ్యక్ష పీఠం మాత్రం నిడుబ్రోలు రైతుబిడ్డ గోగినేని రంగాది. ఆ కథను అక్కడి నుంచి 1962, 1967 ఎన్నికల మీదుగా నడిపించడం తేలిక. కానీ ఈ వారం దారి మళ్లిస్తున్నాను. ఆ పార్టీ గురించి రాసేవాళ్లు సాధారణంగా తలవని ఊరికి వెళదాం.

సంగారెడ్డి మండలం ఇస్మాయిల్‌ఖాన్‌పేట. భక్తులకు అది దుర్గాభవాని క్షేత్రం. భూగర్భజలాల మీద పరిశోధన చేసేవాళ్లకు వేరే కారణం వల్ల తెలిసిన ఊరు. పటాన్‌చెరు పారిశ్రామికవాడ మీదుగా వచ్చే నక్కవాగు మంజీరలో కలిసేలోపు ప్రభావితం చేసిన గ్రామాల జాబితాల్లో దాని పేరుంటుంది. స్వేచ్ఛావాదాన్ని బొంబాయి సభామందిరంలోనో, చికాగో తరగతి గదిలోనో పరీక్షకు పెడితే ప్రతిసారీ నెగ్గుకొస్తుంది. వాగు ఒడ్డున రైతు పొలంలో పరీక్షకు పెడితే ఏమవుతుందో చూడాలని నాకు ఎప్పటి నుంచో ఉంది.

కొత్తగా ఈ శీర్షిక చదువుతున్నవారి కోసం రెండు మాటలు. లిబర్టేరియన్లు అనే స్వేచ్ఛావాదుల మూలసూత్రం చాలా చిన్నది. మనిషి ఒళ్లు, అతని శ్రమ, ఆ శ్రమతో సంపాదించిన ఆస్తి అతనివే. ఎదుటివాడి ఒంటి మీద, ఆస్తి మీద చెయ్యి వేయనంతవరకు అతని జోలికి ఎవరూ పోకూడదు, ప్రభుత్వమైనా సరే. మిగతావన్నీ దీన్నుంచి వచ్చినవే. ఆర్థిక వ్యవహారాల్లో అడ్డులేని వ్యాపారం, రాజకీయాల్లో పరిమితమైన ప్రభుత్వం, విదేశాలతో అందరితోనూ వర్తకం, ఎవరితోనూ సైనిక కూటమి వద్దనడం. మన దేశంలో ఈ పేరుతోనే బొంబాయిలో ఒక సంస్థ, ‘ది ఇండియన్ లిబర్టేరియన్’ అనే పత్రిక నడిచాయి. వాటి వెనుక ఉన్న రణఛోడ్‌దాస్ లోట్వాలా అంతకుముందు 1920లలో కమ్యూనిస్టు డాంగేకు అండగా నిలిచిన ధనికుడు. ఒకే జేబులోంచి రెండు విప్లవాలకు డబ్బు వెళ్లిందన్నమాట.

తెలుగు నేల మీద ఈ ఆలోచన బొంబాయి వ్యాపారుల దారిలో రాలేదు. రైతు దారిలో వచ్చింది. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ ఉమ్మడి సహకార సేద్యం తీర్మానం చేసినప్పుడు రంగా ఎదురుతిరిగారు. ఆయన ఆక్స్‌ఫర్డులో చదివిన ఆర్థికవేత్త, అఖిల భారత కిసాన్ సభకు అధ్యక్షత వహించిన నాయకుడు. జమీందారుతో పోరాడి రైతు సంపాదించుకున్న పొలాన్ని సహకారం పేరుతో ప్రభుత్వం మింగేస్తుందన్నది ఆయన భయం. 1964లో 17వ రాజ్యాంగ సవరణ భూసంస్కరణ చట్టాలను కోర్టులకు అందకుండా దాచిపెట్టబోతే పార్లమెంటులో ఆయన గొంతు గట్టిగా వినిపించింది. ఆస్తి హక్కు లేనివాడికి ఓటు హక్కు ఎన్నాళ్లు నిలుస్తుందన్నది ఆయన వాదనలోని సారం. 1962లో ఆంధ్రప్రదేశ్ శాసనసభలో స్వతంత్ర పార్టీకి 19 స్థానాలు, 1967లో 29 వచ్చాయి. ఆ 1967లోనే లోక్‌సభలో 44 మందితో అది అతిపెద్ద ప్రతిపక్షమైంది. నాలుగేళ్లు తిరిగేసరికి ఎనిమిదికి పడిపోయింది.

నెల్లూరు మనిషి ఖాసా సుబ్బారావును కూడా ఇక్కడే తలుచుకోవాలి. రాజాజీ వ్యాసాలు వారం వారం ఇంటింటికీ చేరవేసిన ‘స్వరాజ్య’ను 1956లో మద్రాసులో మొదలుపెట్టింది ఆయనే. పర్మిట్, లైసెన్సు, కోటా రాజ్యం అని రాజాజీ వేసిన ముద్ర ఈనాటికీ చెరగలేదు.

ఇదే వాదన సంగారెడ్డి వైపు ఎందుకు పండలేదు? నాకు తోచిన కారణం ఒకటుంది. కోస్తాలో ఆస్తి అంటే జమీందారు చేతిలోంచి రైతు చేతికి వచ్చినది. తెలంగాణలో ఆ రోజుల్లో ఆస్తి అంటే ఎదురుగా కనిపించేది గడి. దొర గడి, జాగీర్దారు ఇలాకా, హైదరాబాదు చుట్టూ నిజాం సొంత ఖర్చుకు కేటాయించిన సర్ఫేఖాస్. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950 కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులకు హక్కు ఇచ్చింది. అంటే ఇక్కడ చాలామంది రైతులకు పట్టా ప్రభుత్వ చట్టం నుంచే వచ్చింది. ప్రభుత్వం మీ పొలం లాక్కుంటుందని రంగా హెచ్చరిస్తే, గుంటూరు రైతు ఉలిక్కిపడి ఉండొచ్చు. మెదక్ కౌలుదారుకు మాత్రం ప్రభుత్వం ఇప్పుడిప్పుడే ఇచ్చినదిగా కనిపించింది. దున్నినవాడిదే భూమి అనే సూత్రం స్వేచ్ఛావాదుల పుస్తకాల్లోనూ ఉంది, సాయుధ పోరాట నినాదాల్లోనూ ఉంది. ఇద్దరూ ఒకరినొకరు ఎప్పుడూ గుర్తుపట్టలేదు.

ఇక పారిశ్రామికవాడ. స్వతంత్ర పార్టీ ఏమేం వద్దని అరిచిందో, అవన్నీ వరుసగా బొంబాయి రోడ్డు వెంట వెలిశాయి. రామచంద్రాపురంలో ఇప్పటి బీహెచ్‌ఈఎల్ కర్మాగారం చెకోస్లవేకియా సాంకేతిక సాయంతో 1960లలో లేచింది. బాలానగర్ వైపు సోవియట్ సాయంతో ప్రభుత్వ రంగ మందుల సంస్థ ఐడీపీఎల్ వచ్చింది. 1973లో ఏర్పడిన రాష్ట్ర మౌలిక సదుపాయాల సంస్థ ఏపీఐఐసీ భూములు సేకరించి, ప్లాట్లు కోసి, పరిశ్రమలకు పంచే పని మొదలుపెట్టింది. సేకరణకు ఆయుధం 1894 నాటి చట్టం, తెల్లదొరలు రాసినది. రైతు ఇష్టంతో పనిలేకుండా ప్రజాప్రయోజనం పేరుతో భూమి తీసుకుని, ప్రైవేటు కంపెనీకి ఇవ్వడం స్వేచ్ఛావాదుల లెక్కలో వ్యాపారం కాదు, దోపిడీ. ప్రభుత్వం లేకపోతే పటాన్‌చెరు మార్కెట్ పుట్టేదే కాదు అని ఎవరైనా నాతో అంటే ఒప్పుకుంటాను. అందుకే ఈ ప్రాంతం స్వేచ్ఛా విపణికి ఉదాహరణా అని అడిగితే మాత్రం తల అడ్డంగా ఊపుతాను.

1980లో ఇందిరాగాంధీ రాయ్‌బరేలీతో పాటు మెదక్‌లోనూ గెలిచి, మెదక్‌నే ఉంచుకున్నారు. 1984లో ఎద్దుమైలారంలో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ వచ్చింది. సోవియట్ లైసెన్సుతో బీఎంపీ యుద్ధ శకటాలు, మన పేరు పెట్టుకుని ‘సారథ్’, అక్కడే తయారయ్యాయి. సంగారెడ్డి రైతుకు విదేశాంగ విధానమంటే ఢిల్లీ పత్రికల్లో చదివేది కాదు, ఇంటి పక్కనున్న గేటు. స్వతంత్ర పార్టీ చెప్పిన విదేశాంగం దీనికి పూర్తి విరుద్ధం. అలీనత పేరుతో నెహ్రూ మాస్కో వైపు వాలుతున్నారని, 1962లో చైనా దెబ్బ తగిలాక పశ్చిమ దేశాలతో చేతులు కలపాలని వాళ్లు వాదించారు. ఇక్కడే ఈనాటి అమెరికన్ స్వేచ్ఛావాదులకూ వాళ్లకూ దారులు చీలిపోతాయి. రాన్ పాల్ లాంటివారు ఏ కూటమీ వద్దు, బయట ఒక్క సైనిక స్థావరమూ వద్దు అంటారు. చైనా సరిహద్దు పక్కనే ఉన్న దేశానికి అది కుదరదని మసానీ అనుకున్నారు. రాజాజీ మటుకు వేరే మెట్టు మీద నిలబడ్డారు. 1962లో అణుపరీక్షలు ఆపమని అడగడానికి వాషింగ్టన్ వెళ్లి కెన్నెడీని కలిసివచ్చారు. కశ్మీర్ విషయంలో పాకిస్తాన్‌తో సర్దుబాటుకు వెళ్లాలన్నారు. అప్పట్లో ఆ మాటకు తిట్లు తప్ప ఏమీ దక్కలేదు.

రంగా సంగతి? 1970ల మొదట్లో ఆయన కాంగ్రెస్‌కు తిరిగివెళ్లారు. ఇందిర మెదక్ నుంచి గెలిచిన 1980 ఎన్నికల్లోనే గుంటూరు నుంచి ఆమె పార్టీ తరఫున లోక్‌సభకు వచ్చారు. ఆయన మీద అభిమానం ఉన్నవారు ఈ మలుపును చప్పుడు చేయకుండా దాటేస్తారు. దాటేయకూడదు. పార్టీ చచ్చిపోయిన తర్వాత నాయకుడు ఎక్కడికి వెళతాడన్నది కూడా ఆ ఆలోచన బలాన్ని కొలిచే తూకమే.

మందుల కథలో అంతకన్నా చిత్రమైన మెలిక ఉంది. స్వతంత్ర పార్టీ పుట్టిన 1959లోనే జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ పేటెంట్ల మీద నివేదిక ఇచ్చారు. దాని మీద నిలిచిన 1970 పేటెంట్ల చట్టం 1972లో అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం 2005 దాకా మందుకు పేటెంట్ లేదు, తయారీ పద్ధతికే ఉండేది, అప్పట్లో అదీ ఏడేళ్లు మించేది కాదు. ఆ తలుపు తెరుచుకోగానే లోపలికి వచ్చినవాళ్లలో తాడేపల్లి పసుపు రైతు కొడుకు అంజిరెడ్డి ఒకరు. ఐడీపీఎల్‌లో 1969 నుంచి 1975 దాకా పనిచేసి, బయటకొచ్చి, భాగస్వాములతో ఒకటి రెండు కంపెనీలు నడిపి, 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. ఇలాంటివాళ్లు ఎందరో అదే సర్కారు కర్మాగారంలో పని నేర్చుకుని, బొల్లారం, పటాన్‌చెరు, జిన్నారం వైపు షెడ్లు వేశారు. ఇది సోషలిస్టు విజయమా, స్వేచ్ఛా విపణి విజయమా? స్వేచ్ఛావాదులే దీని మీద రెండుగా చీలతారు. అయిన్ రాండ్‌కు పేటెంట్ పవిత్రమైన ఆస్తి. స్టీఫెన్ కిన్‌సెల్లాకు అది ప్రభుత్వం ఇచ్చే గుత్తాధిపత్యం, అంటే మరో పర్మిట్టు. కిన్‌సెల్లా మాట నిజమైతే, భారతదేశంలో అతిపెద్ద స్వేచ్ఛావాద సంస్కరణ చేసింది ఇందిరాగాంధీ. రాజాజీ ఈ వాక్యం చదివితే కళ్లద్దాలు తీసి తుడుచుకునేవారు.

సరుకు మొదట సోవియట్ యూనియన్‌కు రూపాయల వర్తకంలో వెళ్లింది. 1991లో ఆ దేశమే లేకుండా పోయింది. అదే సంవత్సరం జూలై 24న పి.వి. నరసింహారావు ప్రభుత్వం కొత్త పారిశ్రామిక విధానం ప్రకటించింది. పరిశ్రమల శాఖను తన దగ్గరే ఉంచుకున్న ప్రధాని ఆయన. 18 రకాల పరిశ్రమలకు తప్ప లైసెన్సు అక్కర్లేదన్నారు. మన కథకు కావలసిన చిన్న వివరం ఏమిటంటే, ఆ 18లో మందులూ ప్రమాదకర రసాయనాలూ ఉన్నాయి. మందులకు చాలావరకు ఆ సంకెళ్లు 1994లో ఊడాయి. పటాన్‌చెరులో పరిశ్రమల ఉమ్మడి వ్యర్థజలాల శుద్ధి కేంద్రం కూడా 1994లోనే వచ్చింది. లైసెన్సు రాజ్యం వెనక్కి తగ్గుతున్నప్పుడే వాగు నిండుతోంది.

వాగు ఎలా చెడిందో చెప్పడానికి పెద్ద రసాయన శాస్త్రం అవసరం లేదు. మందుల ముడిపదార్థం చేయడానికి ద్రావణాలు, ఆమ్లాలు, క్షారాలు బోలెడు కావాలి. ఆ పనిలో మిగిలే ఉప్పుల చిక్కటి నీటిని శుద్ధి చేయడం ఖరీదు. పారబోయడం ఉచితం. వాగు దాటి నీరు నేలలోకి దిగింది, బావుల్లోకి, బోర్లలోకి వచ్చింది. వరి ఎండింది, గేదెలు ఆ నీరు ముట్టలేదు, ఒంటి మీద దద్దుర్లు వచ్చాయి. పటాన్‌చెరు వైద్యుడు డాక్టర్ కిషన్‌రావు తన దగ్గరికి వచ్చే రోగుల నుంచే ఈ సంగతి పసిగట్టి జీవితకాలం దాని మీద పోరాడారు. 2007లో స్వీడన్ పరిశోధకుడు జోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించింది. సుమారు 90 మందుల పరిశ్రమల వ్యర్థాలు చేరే చోటు అది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ కనిపించింది. రోజుకు 45 కిలోలు పోతోందని లెక్కగట్టారు. స్వీడన్ దేశమంతా అయిదు రోజుల్లో వాడే మందు అంత. గమనించండి, ఇది శుద్ధి చేశాక బయటికొచ్చిన నీరు.

ఇప్పుడు ఇస్మాయిల్‌ఖాన్‌పేట రైతును, స్వేచ్ఛావాద సిద్ధాంతాన్ని ఎదురెదురుగా కూర్చోబెడదాం. మొదటి అడుగులో రైతే గెలుస్తాడు, సందేహం లేదు. ఎవరి ఆస్తి మీదా చెయ్యి వేయకూడదన్నప్పుడు, ఎవరి పొలంలోకీ విషం పంపకూడదు కూడా. అమెరికన్ స్వేచ్ఛావాది ముర్రే రోత్‌బార్డ్ 1982లో ‘కేటో జర్నల్’లో రాసిన దీర్ఘ వ్యాసంలో చెప్పింది ఇదే. కాలుష్యం మార్కెట్ లోపం కాదు, పొరుగువాడి ఆస్తి మీద దాడి. దాన్ని ఆపాల్సింది కోర్టు. కంపెనీ కంటే పొలం ముందుంటే హక్కు పొలానిది. నక్కవాగు పక్కన పొలాలు ఎప్పటివో, షెడ్లు ఎప్పటివో మనకు తెలుసు. మన చట్టాల్లోనూ ఈ భావం కొత్తది కాదు. 1882 ఈజ్‌మెంట్ల చట్టం ఏడో సెక్షన్ ఉదాహరణల్లో, తన హద్దులోకి సహజంగా పారి, ఊరి వచ్చే నీటిని ఇతరులు అసమంజసంగా పాడుచేయకుండా ఉండటం ప్రతి భూయజమానికీ ఉన్న హక్కని ఉంది. ఆ చట్టం మొదట మద్రాసు ప్రెసిడెన్సీ లాంటి కొన్ని చోట్ల అమలైంది. నిజాం రాజ్యం దాని పరిధిలో లేదు.

రెండో అడుగులోనే చిక్కు. అదే వ్యాసంలో రోత్‌బార్డ్ మరో షరతు పెట్టాడు. ఫలానావాడి చర్య వల్లే ఫలానావాడికి నష్టం జరిగిందని, సందేహానికి తావు లేకుండా, ఒక్కొక్కడి విషయంలో విడివిడిగా రుజువు కావాలి. వాగు పైభాగాన పదుల కొద్దీ ఫ్యాక్టరీలు. రాత్రిపూట ట్యాంకర్లు. అన్నీ కలిసిపోయి ఒకే రంగులో కిందికి వస్తాయి. నా బోరులోని ఉప్పు ఏ కంపెనీదో రైతు ఎలా చూపిస్తాడు? హక్కు మొత్తం ఇచ్చి, సాక్ష్యం తెచ్చుకోమని పంపించేశారు. ఆర్థికవేత్త రోనాల్డ్ కోస్ దారిలో వెళ్లినా అంతే. 1960లో ఆయన చెప్పినట్టు ఇరుపక్షాలూ బేరమాడుకోవచ్చు. కానీ బేరానికయ్యే ఖర్చు తక్కువగా ఉన్నప్పుడే అది పనిచేస్తుందని ఆయనే అన్నాడు. ఇన్ని ఊళ్లు, ఇన్ని కంపెనీలు ఒక్కచోట కూర్చుని బేరమాడటం కల్ల.

చివరికి దారి దొరికింది వేరే వైపున. 1990లో ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో-లీగల్ యాక్షన్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. న్యాయస్థానం జిల్లా జడ్జి నుంచి నివేదికలు తెప్పించుకుంది. నష్టపోయిన రైతులకు పరిశ్రమల సొమ్ముతో పరిహారం ఇప్పించింది. 2001లో కేసును హైకోర్టుకు పంపింది. అదే సంస్థ వేసిన రాజస్థాన్ బిచ్రీ కేసులో 1996లో, కాలుష్యం చేసినవాడే మూల్యం చెల్లించాలని కోర్టు తేల్చింది. ప్రమాదకరమైన పని చేసేవాడు తన తప్పు లేదని తప్పించుకోలేడన్న సూత్రం 1986 నాటి ఢిల్లీ ఓలియం గ్యాస్ కేసులోనే వచ్చింది. ఎవరి వాటా ఎంతో రైతు తేల్చనక్కర్లేదు, అందరి దగ్గరా వసూలు చేస్తామన్నారు. రోత్‌బార్డ్ లెక్కలో ఇది అన్యాయం. నా లెక్కలో, రైతు ఆస్తి హక్కును నిజంగా గౌరవించిన ఏకైక పద్ధతి ఇదే. పుస్తకంలోని స్వేచ్ఛావాది కంటే కోర్టే ఆ రైతు ఆస్తి గురించి ఎక్కువ పట్టించుకుంది.

అయితే ప్రభుత్వాన్ని మెచ్చుకోవడానికి తొందరపడకండి. 1974 జల చట్టం కింద కాలుష్య మండలి ఇచ్చే అనుమతి పత్రం అంటే ఏమిటి? ఇన్ని నీళ్లు, ఇంత గాఢతలో వదలొచ్చని సర్కారు రాసిచ్చే కాగితం. అది కూడా పర్మిట్టే. సిమెంటు మీద, చక్కెర మీద కోటాలను చీల్చి చెండాడిన మన స్వేచ్ఛావాదులు, పక్కవాడి బావిని పాడుచేయడానికి ఇచ్చే ఈ కోటాను అంతగా పట్టించుకోలేదు. 1991 తర్వాతా అది పోలేదు, ఇంకా విలువైనదైంది. 2009లో కేంద్ర కాలుష్య మండలి సూచీలో పటాన్‌చెరు-బొల్లారం 70 దాటి తీవ్ర కాలుష్య ప్రాంతమని తేలినప్పుడు, 2010లో కొత్త పరిశ్రమలకు తాత్కాలిక నిషేధం పెట్టారు. నిషేధం కొత్తవాళ్లకు. పాతవాళ్లకు పోటీ తగ్గింది. రాజాజీ బతికుంటే ఈ ఒక్క విషయం మీద వారం వారం రాసేవారని నా నమ్మకం.

కొనేవాళ్లు? సోవియట్ మార్కెట్ పోయాక మన మందులు అమెరికా వైపు తిరిగాయి. ఎఫ్‌డీఏ తనిఖీదారులు వచ్చి ఫ్యాక్టరీలో గోడలు, గదులు, రికార్డులు జల్లెడ పడతారు. వాళ్ల పని మాత్ర శుభ్రతను చూడటం. ప్రహరీ బయటి వాగు వాళ్ల పరిధి కాదు. అందరితో వర్తకం, ఎవరి లోపలి వ్యవహారాల్లోనూ జోక్యం వద్దన్న విదేశాంగ సూత్రం ఇక్కడ అక్షరాలా అమలవుతోంది. దాని వల్ల ఓహాయోలో మాత్ర చవక. నక్కవాగు కింద బోరు మార్పించుకునే ఖర్చు ఆ ధరలో లేదు.

2009 ప్రాంతంలో పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి అంబర్‌పేట దాకా 18 కిలోమీటర్ల గొట్టం పూర్తయింది. వ్యర్థజలం ఇప్పుడు నగర మురుగుతో కలిసి శుద్ధయి మూసీలోకి పోతుంది. నక్కవాగు కొంత ఊపిరి పీల్చుకుంది. మూసీ కింద, నల్లగొండ వైపు, ఆ నీటితోనే వరి పండిస్తున్న పొలాలకు పట్టాదారులు వేరే ఉన్నారు. వాళ్లను ఎవరూ బేరానికి పిలవలేదు.

వచ్చే వారం కందుకూరు మండలం ముచ్చర్ల వెళదాం. ఫార్మా సిటీ పేరుతో సేకరించిన భూమి, కోర్టుకెక్కిన రైతులు, 2013 భూసేకరణ చట్టం. అక్కడ రంగా వాదన 1959లో ఉన్నదానికంటే బలంగా వినిపిస్తుంది.